గుండ్లవాగులో రోగానికి అర్హుడు

మార్చి 14, ఉదయం తొమ్మిదీ నలభై. గుండ్లవాగు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పల్లపోతు ఆదెమ్మకు ఓపీ చీటీ ఇవ్వలేదు. ఆమెకు రోగం లేదని కంప్యూటర్ చెప్పింది.

ఆదెమ్మ వయసు యాభై రెండు. పొగాకు గ్రేడింగు షెడ్డులో ఆకు ఏరుతుంది. పన్నెండేళ్ళుగా షుగరు. ఎడమ పాదం కింద రూపాయి బిళ్ళంత పుండు. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. మార్చకపోతే పాదం తీసేయాల్సి రావచ్చని డాక్టర్ ఫరీదా జనవరిలోనే ఆమెకు చెప్పారు.

చీటీలు రాసేది ఏఎన్‌ఎం సలోమి. ఆమె ఆదెమ్మ ఆధార్ నంబరు మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ తెర మీద అదే వాక్యం వచ్చింది: "ఈ వ్యక్తి రక్షితులు. రక్షితులకు రోగం నమోదు చేయుటకు వీలు లేదు."

"అంటే ఏందమ్మా?" అంది ఆదెమ్మ.

"నీకు ఒంట్లో బాగుందంట, పిన్నీ."

ఆదెమ్మ కౌంటరు పట్టుకుని కట్టు ఉన్న కాలు పైకెత్తింది. "దీన్ని చూసి చెప్పమను ఆ మాట. దానికి కళ్ళున్నాయా?"

"కళ్ళు లేవు పిన్నీ. వైఫై ఉంది."

చీటీ లేకపోతే స్టోరులో మందు విడుదల కాదు. ఆ ఉదయం మరో ముప్ఫై ఒక్క మందికి చీటీలు రాలేదు. వారిలో ఒకరిని అప్పుడే కుక్క కరిచింది.

జిల్లాలో "పత్రరక్ష" పథకం ఫిబ్రవరిలో మొదలైంది. దానికి మూలం ఒక పరిశోధన వ్యాసం. ఒక కళాశాల ప్రయోగశాలలో ఇరవై నాలుగు ఎలుకలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఉసిరి, మునగాకు, కరివేపాకు సారం పద్నాలుగు రోజులు పట్టించి, ఆ తరువాత కాలేయాన్ని దెబ్బతీసే మందు ఇచ్చారు. రెండో గుంపుకు సారం లేకుండా ఆ మందే ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. సారం తాగిన ఎలుకల కాలేయంలో హాని కొంత తగ్గినట్టు కనిపించింది. మొక్కల్లోని యాంటీ ఆక్సిడెంట్లు అందుకు కారణం కావచ్చని, మనుషుల విషయం తేలాలంటే ఇంకా పరిశోధన జరగాలని వ్యాసం చివర ఉంది.

వ్యాసం జిల్లా కార్యాలయంలో నాలుగు బల్లలు దాటింది. కింది నోటును కుదించి పైకి పంపడం అక్కడి ఆనవాయితీ. పై బల్లకు వెళ్ళే కాగితం కింది బల్ల కాగితం కన్నా పొట్టిగా ఉండాలి. మొదటి బల్ల "ఎలుకలలో హాని కొంత తగ్గినట్టు కనిపించింది" అని రాసింది. రెండో బల్ల "ఎలుకలలో హాని తగ్గింది" అని రాసింది. మూడో బల్ల ఎలుకలను తీసేసి, "తగ్గింది"ని "లేదు" చేసింది. నాలుగో బల్లకు చేరిన నోటులో రెండు మాటలు ఉన్నాయి: "హాని లేదు."

నాలుగో బల్ల పత్రరక్ష ప్రత్యేకాధికారి చక్రధరరావుది. ఆయన ఫిబ్రవరి 1న ఉత్తర్వు ఇచ్చారు. ప్రతి వ్యక్తికీ రోజుకు యాభై మిల్లీలీటర్ల కషాయం, పద్నాలుగు రోజులు. ఎలుకలకు పద్నాలుగు రోజులు కాబట్టి మనుషులకూ పద్నాలుగు రోజులు. పదిహేనో రోజున ఆ వ్యక్తి పేరు పక్కన "రక్షితులు" అని పడుతుంది. ఉత్తర్వు చివరి పేరాలో ఇలా ఉంది: "రక్షితులకు రోగము నమోదగుట పరస్పర విరుద్ధ సమాచారము కావున, సదరు గడిని సాఫ్ట్‌వేర్ నందు శాశ్వతముగా మూసివేయవలెను." సాఫ్ట్‌వేర్ వారు మార్చి 13 సాయంత్రం మూసేశారు.

గుండ్లవాగు కేంద్రం పరిధిలో జనాభా 11,863. కషాయం తాగినవారు 11,862.

తాగనివాడు గుర్రాల అంకయ్య. అరవై ఎనిమిదేళ్ళు. కత్తులకు, కొడవళ్ళకు సానపడతాడు. ఫిబ్రవరి 6న సలోమి కషాయం సీసాతో అతని ఇంటికి వెళ్ళింది. ఆమె చెప్పిన ప్రకారం ఆ సంభాషణ ఇది.

"ముందు ఎవురికి పోశారమ్మాయ్ దీన్ని?"

"ఎలుకలకి, పెద్దాయనా."

"బతికాయా?"

సలోమి అబద్ధం చెప్పదు. ప్రయోగం అయ్యాక ఎలుకలను ఏం చేస్తారో శిక్షణ తరగతిలో విన్నది.

"కాలేయం చూడాలి గదా. కోశారు."

"అయితే నాకొద్దు."

ఆమె అతని పేరు పక్కన "నిరాకరణ" అని రాసింది.

మార్చి 14న పదింటికి డాక్టర్ ఫరీదా ప్రత్యేకాధికారికి ఫోన్ చేశారు. స్పీకరు ఆన్‌లో ఉంది. కౌంటరు దగ్గరున్నవారంతా విన్నారు.

"సార్, మా పేషెంటు కాలికి పుండు ఉంది. రోగం గడి తెరుచుకోవడం లేదు."

"ఆమె రక్షితురాలా?"

"పద్నాలుగు రోజులూ తాగింది సార్."

"డాక్టర్ గారూ, రక్షితులకు పుండు ఉన్నదని మీరనుటకు రెండే కారణములు. ఒకటి, ఆమె తాగి ఉండలేదు. రెండు, అది పుండు కాదు. ఈ రెంటిలో ఏదో మీ స్థాయిలోనే నిర్ధారించుకొనగలరు."

"ఉసిరికాయ మంచిదే సార్. నేనూ తినమనే చెప్తాను. తిన్నవాళ్ళకి పుండ్లు పడవని ఎక్కడా లేదు."

"నోట్‌ఫైలులో ఉంది," అన్నారు చక్రధరరావు. "అయినను పథకంలో మానవీయ కోణము లేకపోలేదు. ఫారం-7 ఉన్నది. రక్షణ రద్దు కోరుకొనువారు దరఖాస్తు చేసుకొనవచ్చును."

సలోమి ఫారం-7 అచ్చు తీసింది. అందులో నాలుగు అంశాలు ఉన్నాయి. నాలుగోది: "తాను సేవించిన ఏడు వందల మిల్లీలీటర్ల కషాయమును యథాతథముగా కేంద్రమునకు తిరిగి అప్పగించినట్లు ధ్రువీకరణ."

ఆదెమ్మ దాన్ని చదివించుకుని విన్నది. "యథాతథంగా అంటే?"

"తాగిందాన్ని తాగినట్టే, పిన్నీ."

"ఆయన్నే రమ్మను, ఎక్కడుందో ఎతుక్కుని తీసుకుపోతాడు," అంది ఆదెమ్మ.

పదిన్నరకు అంకయ్య కేంద్రానికి వచ్చాడు. కట్లు కోసే కత్తెరలకు నెలకోసారి సాన అతనే పడతాడు. సలోమి అతన్ని చూసింది. తరువాత తెర చూసింది.

"పెద్దాయనా, నీ ఆధార్ నంబరు చెప్పు."

అతను చెప్పాడు. ఆమె కొట్టింది. రోగం గడి తెరుచుకుంది.

"నీ కాలికి పుండు రాసుకోనా?"

"ఎవురిది?"

"ఆదెమ్మ పిన్నిది."

"ఏ కాలు?"

"ఎడమది."

అంకయ్య ఆలోచించాడు. "రాసుకో. సాన తొక్కేది కుడికాలుతోనే."

ఖరారు చేయడానికి అతని ఫోనుకు ఆరంకెల ఓటీపీ వచ్చింది. అతను చదివాడు. పది నలభైకి కట్టు సామాను, ఇన్సులిన్ బయటికి వచ్చాయి. ఆ సమయంలో డాక్టర్ ఫరీదా కిటికీలోంచి బయటికి చూస్తున్నారని సలోమి తరువాత చెప్పింది.

మధ్యాహ్నం ఒంటిగంటలోపు అంకయ్యను కుక్క కరిచింది. రెండు టైఫాయిడ్‌లు, ఒక ఉబ్బసం, ఒక విరిగిన మణికట్టు కూడా వచ్చాయి.

ఓటీపీ అతని ఫోనుకే వస్తుంది కాబట్టి అతను కేంద్రంలో ఉండాలి. సానచక్రాన్ని వరండాలోకి తెచ్చుకున్నాడు. ఉదయం తొమ్మిది నుంచి నాలుగు దాకా కొడవళ్ళకు సాన పడుతూ, మధ్యలో ఫోను తీసి అంకెలు చదివేవాడు. కళ్ళజోడు లేక మొదటి వారం 3ను 8గా చదివాడు. దానికి కళ్ళు పరీక్ష చేయించి జోడు ఇప్పించారు. అది మాత్రం అతని సొంత రోగమే.

పొద్దున రాగానే అడిగేవాడు: "ఈ పొద్దు నాకేం వచ్చింది, అమ్మాయ్?"

"నాలుగు జ్వరాలు, ఒక తేలు, కడుపు నాలుగో నెల."

"తేలు ఎక్కడ కుట్టింది?"

"వీపు మీద."

"వీపు మీద ఎట్టా కుట్టుద్ది? పడుకున్నోడు చూసుకోవద్దా?" అని వరసలో నిలబడ్డవారి వైపు చూసేవాడు. కుట్టించుకున్నవాడు తల దించుకునేవాడు.

మార్చి 29న తనకే మోకాలు నొప్పి అన్నాడు. సలోమి తెర చూసి, రెండు మోకాళ్ళూ ముందు వారమే వేరేవాళ్ళకి రాసేశానంది. డాక్టర్ ఫరీదా పరీక్ష చేసి, ఎవరి మోకాళ్ళకో రాసిన మాత్రలే అతనికీ ఇచ్చారు.

ఏప్రిల్ 6న అంకయ్య రెండు కిలోల ఎనిమిది వందల గ్రాముల ఆడపిల్లను ప్రసవించాడు. తల్లీ బిడ్డా క్షేమమని రికార్డులో ఉంది. ఆ గడిలో ఆడా మగా అని అడగాలని సాఫ్ట్‌వేర్ వారికి తోచలేదు. పిల్ల తండ్రి అతనికి బూందీ తెచ్చి పెట్టాడు.

ఆదెమ్మ పుండు ఏప్రిల్ మూడో వారానికి పావలా బిళ్ళంత అయింది.

ఏప్రిల్ 20న జిల్లా కార్యాలయంలో గుండ్లవాగు లెక్క తీశారు. రక్షితులు 11,862, వారి రోగాలు సున్నా. అరక్షితుడు ఒకడు, అతని రోగాలు 613. చక్రధరరావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారని ఆయన గుమాస్తా చెప్పాడు. తరువాత సమీక్షా సమావేశంలో ఇలా అన్నారు: "కషాయము సేవించనివాని దుస్థితిని ఇంతటి స్పష్టతతో నిరూపించిన ఉదాహరణ మరొకటి లేదు. సదరు వ్యక్తి ముప్ఫై ఏడు రోజుల వ్యవధిలో పదకొండు పర్యాయములు శునకదష్టుడైనాడు. శునకములు సైతము అరక్షితుని గుర్తించుచున్నవి."

మనిషి ప్రసవించాడు కదా అని కింది అధికారి ఒకరు అడిగారు. "శరీరకణములు దెబ్బతిన్నచో ఏమి జరుగునో శాస్త్రము ఇంకను తేల్చలేదు," అన్నారు చక్రధరరావు.

ఆ సమావేశంలోనే గుండ్లవాగును నూరు శాతం చేయాలని తీర్మానించారు. మే 3న ప్రత్యేకాధికారి స్వయంగా వచ్చి, పద్నాలుగు రోజుల మోతాదు, అంటే ఏడు వందల మిల్లీలీటర్లు, అంకయ్యకు ఒకేసారి ఇస్తారు. రెండోసారి నిరాకరిస్తే అతని పేరును రికార్డు నుంచి తొలగిస్తారు. అప్పుడూ నూరు శాతమే అవుతుంది.

మే 2 సాయంత్రం ఆదెమ్మ కర్ర సాయంతో అంకయ్య ఇంటికి వెళ్ళింది. అతను గడప మీద కూర్చుని కొడవలి పదును బొటనవేలితో చూస్తున్నాడు.

"అన్నా, తాగబాక."

"తాగకపోతే పేరు కొట్టేస్తారంట. కాగితం పంపారు."

"తాగితే?"

"తాగితే నేనూ మీలాగే. రోగం రాదు."

ఆదెమ్మ కాలు చూపించింది. "డాక్టరమ్మ ఇంకో నెల అంది. నెల కట్టు కడితే మూసుకుపోద్దంట. ఆపితే మళ్ళీ మొదటికొచ్చిద్దంట. వేళ్ళతో ఆగదంట, పాదం దాకా తీత్తారంట. కాలు లేకపోతే షెడ్డులో నన్నెవురు నిలబెట్టుకుంటారు?"

"తాగినా పోద్ది, తాగకపోయినా పోద్ది," అన్నాడు అంకయ్య.

"మరి ఎట్టా?"

"రేపు చూద్దాం. నీ కట్టు రేపేగా?"

"రేపే."

"పెందలాడే రా. నా గడి మూత పడేలోపు ఓటీపీ చదువుతా."

మే 3, ఉదయం పది. కేంద్రం ఆవరణలో షామియానా వేశారు. "మన గుండ్లవాగు – నూరు శాతం" అని ఫ్లెక్సీ కట్టారు. వేదిక పక్కన ఇటుకల పొయ్యి మీద గుండిగలో కషాయం కాగుతోంది. ఆదెమ్మ కట్టు తొమ్మిదింటికే అయింది. ఆమె వరండా బల్ల మీద కూర్చుంది.

చక్రధరరావు పదకొండింటికి మాట్లాడటం మొదలుపెట్టారు. "ఆక్సీకరణము అనగా ఏమి? తుప్పు. ఇనుము తుప్పు పట్టినట్లే మానవ శరీరమూ తుప్పు పట్టును. తుప్పును నిరోధించు దివ్యశక్తి ఈ పత్రములందు కలదు." ఆయన అంకయ్య వైపు తిరిగారు. "నీకు తుప్పు అనగా తెలియునా?"

"నలభై ఏళ్ళుగా అదే పని సార్."

"మరి తుప్పు పట్టిన కత్తికి ఏమి చేయుదువు?"

"గీకుతా సార్."

"కషాయములో ముంచవా?"

"ముంచితే ఇంకా పట్టుద్ది సార్. నీళ్ళు గదా."

జనం నవ్వారు. ప్రత్యేకాధికారి ఉపన్యాసం ముగించారు.

ముఖ్య అతిథి తన చేత్తో వంచి పోయడం ఆ శాఖ కార్యక్రమాల్లో ఆచారం. గరిటెతో పోస్తే ఫొటోలో ముఖం కనపడదని గరిటె వాడరు. గుండిగను పొయ్యి మీద నుంచి దించి ముక్కాలిపీట మీద పెట్టారు. చక్రధరరావు రెండు గుడ్డలతో అంచు పట్టుకుని వంచారు. అంకయ్య తువ్వాలు చుట్టిన రాగిచెంబు కింద పట్టాడు. చెంబు నిండింది. ఫొటోగ్రాఫరు ఫొటోలో ఆవిరి పడలేదన్నాడు.

"సార్, ఇంకొంచెం వంచండి. ఇటు చూడండి. నవ్వండి సార్."

ఆయన ఇంకొంచెం వంచారు. ఇటు చూశారు. పదకొండూ ఇరవైకి గుండిగ ముక్కాలిపీట మీద నుంచి జారింది. కషాయం ఆయన ఎడమ పాదం మీద పడింది.

ఆయనను నలుగురు మోసి లోపలికి తెచ్చారు. డాక్టర్ ఫరీదా వెంటనే పాదాన్ని కుళాయి కింద పెట్టించారు. చర్మం బొబ్బలెక్కింది. పూతమందు, కట్టు, నొప్పికి సూది స్టోరులో ఉన్నాయి.

సలోమి అడిగింది: "ఆధార్ నంబరు సార్?"

ఆయన చెప్పారు. ప్రారంభోత్సవం నాడు కెమెరాల ముందు మొదటి మోతాదు తాగింది ఆయనే. జిల్లాలో రక్షితుడు నంబరు ఒకటి. తెర మీద వాక్యం వచ్చింది. సలోమి పైకి చదివింది.

"కాలిన గాయమని రాయమ్మా!"

"రాయనీట్లేదు సార్."

ఆయన డాక్టరు వైపు చూశారు. డాక్టర్ ఫరీదా పాదం మీద నీళ్ళు పోస్తూనే ఉన్నారు.

"రెండే కారణాలు సార్," అన్నారు ఆమె. "ఒకటి, మీరు తాగి ఉండలేదు. రెండు, ఇది గాయం కాదు."

"నేను తాగితిని. రాష్ట్రమంతా చూసింది."

"ఫారం-7 ఉంది సార్," అంది సలోమి. "తాగింది తిరిగి అప్పగించాలి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "మీరు ఈ రెండు నెలలూ ఎట్లా నడుపుతున్నారు ఈ కేంద్రాన్ని?"

అప్పుడు అంకయ్య గుమ్మంలోకి వచ్చాడు. చెంబు ఇంకా చేతిలోనే ఉంది. ఏడు వందల మిల్లీలీటర్లు, పొగలు కక్కుతూ.

"ఆరిపోతంది సార్. తాగమంటారా?"

అతను చెంబును నోటి దాకా ఎత్తాడు. ప్రత్యేకాధికారి ఒకసారి చెంబును, ఒకసారి కౌంటరు ముందున్న వరసను, ఒకసారి తెరను చూశారు. గ్రహించడానికి ఆయనకు పది సెకన్లు పట్టిందని సలోమి అంచనా.

"ఆగండి!" అన్నారు. "అంకయ్య గారూ, దయచేసి ఆగండి."

అంకయ్య చెంబు కిటికీలో పెట్టాడు. చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీశాడు.

"ఏ కాలు సార్?"

"ఎడమది."

"ఎడమది ఇచ్చేశానే! ఆదెమ్మది నడుత్తంది దాని మీద."

ఆదెమ్మ బల్ల మీద నుంచే అంది: "పర్లేదులే అన్నా. ఇద్దరం సర్దుకుంటాం."

పదకొండూ యాభైకి అంకయ్య ఆరు అంకెలూ ఒక్కొక్కటే చదివాడు. పూతమందు వచ్చింది. అది అతని 702వ రోగం.

మే 4న ప్రత్యేకాధికారి ఉత్తర్వు వెలువడింది. "ఏ శాస్త్రీయ అధ్యయనమునకైనను పోల్చి చూచుటకు మందు పుచ్చుకొనని సమూహము అనివార్యము. కావున సదరు గుర్రాల అంకయ్యకు ఎట్టి పరిస్థితులలోను కషాయము ఇవ్వరాదు, పేరు తొలగింపరాదు. ఈ మినహాయింపు పాదము పూర్తిగా మానువరకు అమలునందుండును." ఎవరి పాదమో ఉత్తర్వులో లేదు.

రోజు విడిచి రోజు జీపు వచ్చేది. చక్రధరరావు, ఆదెమ్మ ఒకే బల్ల మీద కూర్చునేవారు. మూడోసారి ఆయన ఆమెను అడిగారు: "నీవు కషాయము తాగితివా?"

"పద్నాలుగు రోజులూ తాగా సార్. బాగానే ఉండాది. చిటికెడు ఉప్పేత్తే ఇంకా బాగుండు."

ఆయన నోటుపుస్తకంలో "ఉప్పు" అని రాసుకున్నారు.

మే 25న ఆయన పాదం మీద కొత్త చర్మం వచ్చింది. ఇక కట్టు అక్కర్లేదేమో అన్నారు. డాక్టర్ ఫరీదా ఆయన పాదం చూశారు. పక్కనున్న ఆదెమ్మ పాదం చూశారు. పుండు కందిగింజంత మిగిలి ఉంది.

"ఇంకో రెండు వారాలు సార్."

"నొప్పి లేదే!"

"నొప్పి లేదనే భయం సార్. ఆదెమ్మకీ లేదు."

ఆయన రెండు వారాలకు ఒప్పుకున్నారు.

జూన్ 5న మరో ఉత్తర్వు వచ్చింది. జిల్లాలోని ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఒక వ్యక్తిని కషాయం తాగనివాడిగా గుర్తించి, అధ్యయన నిమిత్తం వరండాలో అందుబాటులో ఉంచాలి. అతనికి కుర్చీ, ఫోను చార్జరు ఏర్పాటు చేయాలి. పథకం ఫలితాల నివేదిక ఆ రోజే పైకి వెళ్ళింది. రక్షితుల రోగాలు: సున్నా.

జూన్ 8, ఉదయం పదింబావు. ఆదెమ్మ కట్టు చివరిసారి విప్పారు. పుండు మూసుకుంది. ఆమె రెండు కాళ్ళకూ చెప్పులు వేసుకుని, కర్ర వరండాలో వదిలేసి, గ్రేడింగు షెడ్డుకు నడిచి వెళ్ళింది. పదకొండింటికి చక్రధరరావు కట్టు విప్పారు. అంకయ్య రెండుసార్లు సాన ఆపి, రెండుసార్లు ఓటీపీ చదివాడు. రికార్డు ప్రకారం ఆ రోజు గుర్రాల అంకయ్య ఎడమ పాదాలు రెండూ నయమయ్యాయి.